రోటరీ ఇంజిన్ విమానానికి ఇంజెక్టర్లు: రెండు ఆగినా ఇంజిన్ తిరగాలి

సొంతంగా విమానం కట్టుకునేవాళ్లు మాజ్దా 13బి రోటరీ ఇంజిన్ మీద మోజు పడటంలో వింతేమీ లేదు. పిస్టన్ల బదులు తిరిగే రెండే రోటర్లు, 1,308 సీసీలు, వాల్వుల గొడవ లేదు. తిరుపతి ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇలాంటి కలలు కనే పిల్లలకు ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ సైజుకు కారు లెక్క సరిపోదు. కారు ఆగితే రోడ్డు పక్కకు తోసుకోవచ్చు, గాల్లో ఆ వీలుండదు.

ముందు టైము సంగతి. పిస్టన్ ఇంజిన్లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకోసారి ఇంధనం పీల్చుకుంటుంది. రోటరీలో ఒక్కో రోటర్‌కు షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ కావాలి. 6,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ ఇంజిన్ ఇంజెక్టర్‌కు 20 మిల్లీసెకన్లు దొరికితే, ఇక్కడ దొరికేది 10.

ఇక ఇంధనం. 180 హార్స్‌పవర్ కావాలనుకుందాం. రోటరీకి దాహం ఎక్కువ, హార్స్‌పవర్‌కు గంటకు దాదాపు 250 గ్రాములు తాగుతుంది. అంటే గంటకు 45 కిలోలు, నిమిషానికి సుమారు 1,015 సీసీలు. మన బంకుల్లో పోసే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ అయితే మరో 8 శాతం కలపాలి, ఎందుకంటే అదే గాలికి ఇథనాల్ ఎక్కువ పడుతుంది. మొత్తం 1,095. ఇంజెక్టర్ 80 శాతానికి మించి తెరిచి ఉండకూడదన్న మామూలు సూత్రంతో నాలుగింటికి పంచితే ఒక్కోటి నిమిషానికి 340 సీసీలు ఇస్తే చాలనిపిస్తుంది.

నా దృష్టిలో అది చాలదు. ఒక్కో రోటర్‌కు రెండేసి ఇంజెక్టర్లుంటాయి. రోటర్‌కొకటి చొప్పున రెండు కలిస్తే ఒక జత. టేకాఫ్‌లో ఒక జత ఆగిపోతే మిగిలిన జతే మొత్తం మోయాలి. 340వి రెండూ పూర్తిగా తెరుచుకున్నా వచ్చేది 680. గాలితో కలిసే పెట్రోల్ తగ్గి మిశ్రమం పలచబడితే డిటొనేషన్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) మొదలై, రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లు పగులుతాయి. అదే 550వి వేస్తే, నిండా తెరుచుకుని 1,100 ఇస్తాయి. మళ్లీ రన్‌వే మీదికి తిరిగొచ్చేదాకా అది చాలు. కాకపోతే ఒక జతను ఆపగానే రెండో జత పల్స్‌ను, అంటే ఒక్కోసారి తెరిచి ఉండే సమయాన్ని, పెంచే ఏర్పాటు ఈసీయూలో (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో) ఉండి తీరాలి.

మాజ్దా పాత ఆర్‌ఎక్స్-7 కారులోని 460 సీసీ ఇంజెక్టర్లకే ప్రెషర్ 3 నుంచి 4 బార్లకు పెంచితే సరిపోదా అనొచ్చు. ఫ్లో పెరిగేది ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి. అంటే 531, ఇంకా కొంచెం తక్కువే. పైగా ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు ఇచ్చేది తగ్గుతుంది.

పెద్దవి వేస్తే ఐడిల్ (థ్రాటిల్ దించినప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరగడం) చెడుతుందన్న భయం నిజమే, కానీ దానికి మార్గముంది. ఐడిల్లో గంటకు 5 లీటర్లు తాగుతుందనుకుంటే, 1,800 ఆర్‌పీఎం దగ్గర ఒక్క జతనే నడిపితే పల్స్ రెండున్నర మిల్లీసెకన్లు వస్తుంది. నాలుగూ నడిపితే అందులో సగమే, అక్కడ ఇంజెక్టర్ నిలకడగా పనిచేయదు.

డబ్బా మీది అంకెను మాత్రం నమ్మొద్దు. కార్ల వర్క్‌షాపుల్లో ఇంజెక్టర్ క్లీనింగ్ మెషీన్ ఉంటుంది. నాలుగు గాజు గొట్టాల్లో ఇంధనం ఎంతెంత ఎక్కిందో పక్కపక్కనే కనబడుతుంది. ఏ ఒక్కటి వెనకబడినా మార్చేయండి. తర్వాత మే నెల ఎండలో, విమానం తోకను గట్టిగా కట్టి, ఫుల్ థ్రాటిల్ మీద ఒక జతను ఆపి చూడండి. మిశ్రమం పలచబడుతున్నట్టు మీటర్ చూపితే అప్పటికప్పుడే థ్రాటిల్ దించేయాలి.