ఈగలు పట్టడానికి 13 అడుగుల కర్ర

మా మేనల్లుడు సియాటిల్ నుంచి దిగాడు. రెండు సూట్‌కేసులు, ఒక పొడవాటి గొట్టం. గొట్టంలో నాలుగు ముక్కలుగా గాలం కర్ర, ముక్కలన్నీ తగిలిస్తే 13 అడుగులు. రెండు చేతులా పట్టుకుని విసరాలట, స్పే రాడ్ అంటారట. "ఫ్లై ఫిషింగ్ అత్తా" అన్నాడు మా ఆవిడతో. "ఫ్లై అంటే ఈగ కదా నాయనా, దానికింత కర్రెందుకు? వంటింట్లోకి రా, బోలెడున్నాయి" అంది ఆవిడ.

అక్కడితో ఆగిపోయుంటే బాగుండేది. మావాడు పాఠం మొదలుపెట్టాడు. స్కాట్లాండ్‌లో స్పే అనే ఏరుంది. ఒడ్డున చెట్లు, నిటారు గట్లు. మామూలుగా విసిరితే తీగ వెనక్కి వెళ్ళి కొమ్మలకు చిక్కుకుంటుంది. అందుకని 19వ శతాబ్దంలో ఒక ఉపాయం కనిపెట్టారు. తీగని కాస్త నీళ్ళకి ఆనించి, పక్కన ఇంగ్లీషు డి అక్షరంలా వంపు తెచ్చి, ఆ ఊపుతోనే ముందుకు వదలడం. వెనక జాగా అక్కర్లేదు. ఉపాయం గొప్పదే, కాదనను. ఫ్లై అంటే ఈకలతో కట్టిన ఎరట. దానికి బరువుండదు కాబట్టి బరువంతా తీగలోనే పెడతారు, దాన్ని గ్రెయిన్లలో తూస్తారు. 600 గ్రెయిన్లంటే 39 గ్రాములు. మా ఆవిడ గొలుసు కూడా అంత తూగదు. ఇంతా చేసి సాల్మన్ చేప సముద్రం వదిలి ఏరెక్కాక దాదాపు తిండే మానేస్తుందట! ఆకలి లేని చేపని విసిగించి విసిగించి కరిపించడం ఈ విద్య.

సరే, జొన్నవాడకి దిగువన పెన్నలోకి తీసుకుపోయాను. ఛాతీ దాకా రబ్బరు ప్యాంటు తొడిగాడు. డిసెంబరే, కానీ మన డిసెంబరు. వెనక చెట్టు అడ్డం వస్తే వాడాల్సిన విద్య కదా, వెనక్కి తిరిగి చూశాను. చెట్టేదీ? ఇసుక! లారీలు వదిలేసినంత ఇసుక, కనుచూపు మేర ఇసుక. అక్కడ తీగని మూడు చుట్లు తిప్పి వెనక్కి విసిరినా అడిగే నాథుడు లేడు. అయినా మావాడు లేని చెట్టుకి భయపడుతూ, నీళ్ళలో నిలబడి డి అక్షరాలు దిద్దుతున్నాడు.

పిల్లకాయలు చేరారు. "ఇప్పుడు స్నాప్ టీ" అన్నాడు మావాడు. అది విసిరే పద్ధతుల్లో ఒకటి. ఒక పిల్లోడు పాపం టీ అడిగాడనుకుని అంగడికి పరిగెత్తి రెండు గ్లాసులు పట్టుకొచ్చాడు. డబ్బులు నేనిచ్చాను. గాలి ఏటి వాలుకి వీస్తే డబుల్ స్పే, ఎదురెక్కి వీస్తే సింగిల్ స్పే వెయ్యాలని మాకు చెబుతుండగానే గాలి తిరిగింది. తమరు తిరగలేదు. కొక్కెం వచ్చి సొంత టోపీని కరిచింది. పిల్లకాయలు ఈలలేశారు. ఆ రోజు మావాడికి పడినది అదొక్కటే.

అప్పుడొచ్చాడు యానాది ముసలాయన, భుజాన విసురు వలతో. మోకాలి లోతులో నిలబడి ఒక్క విసురు. లాగితే జిలేబీ చేపలు, జెల్లలు, మూడు గండెలు.

మావాడు కాసేపు చూసి తీర్పిచ్చాడు. "బాగానే వేస్తాడు మామా, కానీ టెక్నిక్ లేదు."

టెక్నిక్ లేదా? సీసపు గుండ్ల అంచు కొంత మోచేతి మీద, కొంత పిడికిట్లో పట్టుకుని, నడుము తిప్పి వదిలితే అంత వలా గాలిలో పళ్ళెంలా విచ్చుకుని చప్పుడు లేకుండా నీళ్ళ మీద వాలిందే, అది టెక్నిక్ కాక గాలివాటమా? అదే విద్యకి స్కాట్లాండ్ ఏటి పేరుంటే క్లాసుకి ఫీజు కట్టి నేర్చుకునేవాడివి కదరా! ఇదే ముసలాయన ఇదే వల ఊరి చెరువులో వేస్తే, పాట పాడుకున్న ఆసామి మనుషులు వల లాక్కుని దొంగనాకొడకా అని తరుముతారు. రొయ్యల గుంటల కాడ రాత్రంతా మేలుకుని కాపలా కాయడానికి మాత్రం మళ్ళీ ఈయనే కావాలి. అప్పుడు దొంగ కాదు! ముందురోజు మావాడు కర్ర పట్టుకుని అదే చెరువు గట్టు మీదకి వెళ్తే, అదే ఆసామి కుర్చీ వేయించి, కొబ్బరినీళ్ళు తాగించి, సెల్ఫీ దిగాడు. పర్మిషన్ అడిగినోడు లేడు. ఒకే చెరువు, ఒకే చేపలు. తేడా కర్ర పొడుగులో ఉందనుకోమంటారా?

ఇవన్నీ మావాడితో అన్నానా? లేదు. చెల్లెలి కొడుకు, మళ్ళీ మూడేళ్ళకి గానీ రాడు.

సాయంత్రం తీగ మొత్తం చిక్కుపడిపోయింది. ముసలాయనే గట్టు మీద గొంతుక్కూర్చుని పావుగంటలో చిక్కు విప్పాడు. ఉత్త చేతులతో ఇంటికి పోతే ఏం బాగుంటుందని కిలో జిలేబీలిమ్మన్నాడు మావాడు. వెయ్యి డాలర్ల పైచిలుకు కర్ర భుజాన పెట్టుకుని, కిలోకి 20 రూపాయలు తగ్గించమని బేరమాడాడు.

ముసలాయన తగ్గించాడు కూడా. "పోనీలే సామీ, పొద్దున్నించీ కష్టపడ్డావు."