అట్ట నుంచి అట్ట దాకా

ఒకప్పుడు మన ఇళ్లలో వారపత్రికల నుంచి సీరియల్ పేజీలను జాగ్రత్తగా చింపి, వరసగా పెట్టి బైండు చేయించేవారు. ముఖచిత్రం, ప్రకటనలు, ఉత్తరాల పేజీ తూకానికి పోయేవి. ఆనాటి బతుకు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే, ఇవాళ మనకు ముందుగా కావాల్సినవి ఆ పారేసిన పేజీలే.

1957 ఏప్రిల్ 1న దేశంలో దశాంశ నాణేలు, అంటే రూపాయికి పదహారు అణాల బదులు వంద నయాపైసల లెక్క, వచ్చాయి. ఆ తేదీకి ముందు, తర్వాత వచ్చిన ఆంధ్ర సచిత్ర వారపత్రిక సంచికలను పక్కపక్కన పెట్టి చూడండి. అణాలు పోయి నయాపైసలు వచ్చిన మార్పు ధరల్లోనే కనిపిస్తుంది. సబ్బు, తలనొప్పి మందు, కుట్టుమిషన్ ప్రకటనల్లో మధ్యతరగతి ఇల్లు ఏం కొనేదో, ఏం కొనాలని ఆశపడేదో తెలుస్తుంది. ఆ తర్వాత కుటుంబ నియంత్రణ ప్రచారానికి గుర్తయిన ఎర్ర త్రికోణం వచ్చింది. నలుగురిలో మాట్లాడటానికి సిగ్గుపడే విషయం అచ్చులోకి ఎక్కి నట్టింట్లోకి వచ్చింది.

ఆంధ్రప్రభ వారపత్రికలో రచయిత్రి మాలతీ చందూర్ దశాబ్దాల పాటు నడిపిన ప్రమదావనం శీర్షిక మరో గని. ఎవరిని అడగాలో తెలియని సందేహాలను ఆడవాళ్లు ఉత్తరం రాసి అడిగారు. ఏ ఏడాది ఏం అడిగారో వరసగా చదివితే, ఏ ప్రభుత్వ నివేదికలోనూ దొరకని చరిత్ర దొరుకుతుంది.

ఈ పత్రికల్లో అందరూ ఉన్నారని మేము అనడం లేదు. చాలావరకు మద్రాసులో అచ్చయి, చదువుకున్న ఇళ్లకు చేరినవి ఇవి. కూలి చేసుకునే ఆడమనిషి ముఖచిత్రంగా అందంగా కనిపించింది కానీ, ఆమె ప్రశ్న ఉత్తరాల పేజీ దాకా రావడం అరుదు. ఎవరు కనిపించలేదో చెప్పడానికైనా సంచిక పూర్తిగా మన చేతిలో ఉండాలి కదా.

చవక కాగితం పసుపుబారి, మడత దగ్గర పొడి అయిపోతోంది. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి నీళ్లు వచ్చి వేల పుస్తకాలు తడిసిపోయిన సంగతి మరవలేం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ సంస్థ ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టింది, అది మంచి పని. అలాంటి పని ఆగకూడదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇందుకు ఏటా నిధులివ్వాలి. కథలను, వ్యాసాలను ఏరుకుని స్కాన్ చేస్తే చాలదు. ప్రతి సంచికనూ అట్ట నుంచి అట్ట దాకా, ప్రకటనలతో సహా, తేదీ కనిపించేలా భద్రపరచాలి. ప్రకటనలకు, ఉత్తరాలకు కూడా విషయసూచిక ఉండాలి.

మీ ఇంట్లో అటక మీద పాత వారపత్రికల కట్ట ఉంటే, దాన్ని తూకానికి వేసేముందు దగ్గర్లోని గ్రంథాలయానికి ఒక ఫోన్ చేయండి. చిరిగిన సంచికలని సందేహించకండి. వాళ్ల దగ్గర లేని పేజీ మీ కట్టలో ఉండొచ్చు.