రీప్లే ఎవరికి బరువైంది?

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2023-24 సీజన్ 2024 మే 19, ఆదివారం ముగిసింది. బుధవారానికల్లా న్యూకాజిల్, టోటెన్‌హామ్ జట్లు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్ ఆడేశాయి. ఆటగాళ్లు అలసిపోతున్నారు, క్యాలెండర్‌లో ఖాళీ లేదు అంటూ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం (ఎఫ్‌ఏ) తన నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్‌లో రీప్లేలు (డ్రా అయిన మ్యాచ్‌ను మరో రోజు రెండో జట్టు మైదానంలో మళ్లీ ఆడటం) ఎత్తేసి అప్పటికి నెల దాటి కొద్ది రోజులే అయింది. భూగోళానికి అటువైపు ఎగిరి వెళ్లడానికి మాత్రం తీరిక దొరికింది. వారం మధ్యలో ఓ రాత్రి చిన్న ఊరికి బస్సెక్కి వెళ్లడానికే దొరకదట!

2024-25 సీజన్ నుంచి ఫస్ట్ రౌండ్ మొదలు ఎక్కడా రీప్లే ఉండదన్నారు. మ్యాచ్ డ్రా అయితే అదే రోజు అదనపు సమయం, పెనాల్టీలతో తేల్చేస్తారు. యూరప్ పెద్ద క్లబ్బుల టోర్నీ ఛాంపియన్స్ లీగ్‌లో మ్యాచ్‌లు పెరిగాయి, 2025లో 32 జట్లతో క్లబ్ ప్రపంచకప్ పెట్టారు, అందుకే తప్పలేదన్నది ఎఫ్‌ఏ వాదన. కింది స్థాయి ఆటకు ఏటా 3.3 కోట్ల పౌండ్ల దాకా అదనంగా వస్తాయనీ చెప్పింది. గాయాల సమస్య నిజమే, కాదనం. కానీ ఛాంపియన్స్ లీగ్ ఆడేది ఎవరు? ఆ బరువు దించుకోవడానికి కోత పెట్టింది ఎవరి మ్యాచ్‌లకు?

హెరిఫర్డ్ సంగతే చూడండి. వేల్స్ సరిహద్దు దగ్గర కెథడ్రల్ ఉన్న ఊరు. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మొహం ఉండే పశువుల జాతికి పేరు ఆ ప్రాంతం నుంచే వచ్చింది. పెద్ద మ్యాచ్ ఉంటే ఎడ్గర్ స్ట్రీట్ మైదానం చుట్టూ ఆబోతును తిప్పడం అక్కడి ఆనవాయితీ. 1924లో పుట్టిన హెరిఫర్డ్ యునైటెడ్ దాదాపు అర్ధ శతాబ్దం నాన్‌లీగ్‌లోనే, అంటే దేశస్థాయి ఫుట్‌బాల్ లీగ్‌కు బయటి కింది స్థాయిల్లోనే ఉంది. అప్పట్లో కింది లీగ్ గెలిచినా పైకి రానిచ్చేవారు కాదు. లోపలున్న క్లబ్బులు ఓటేస్తేనే చోటు. ఛాంపియన్‌కు నేరుగా ప్రమోషన్ అన్న నిబంధన 1987 దాకా రాలేదు. బయటి క్లబ్ తన సత్తా దేశానికి చూపించుకునే వేదిక ఎఫ్‌ఏ కప్ ఒక్కటే.

1972 జనవరిలో హెరిఫర్డ్ టాప్ డివిజన్ జట్టు న్యూకాజిల్‌ను వాళ్ల గడ్డ మీదే 2-2తో నిలువరించింది. రీప్లే ఫిబ్రవరి 5న ఎడ్గర్ స్ట్రీట్‌లో. అడుగేస్తే దిగబడే బురద, 14 వేలకు పైగా జనం. 82వ నిమిషంలో మాల్కమ్ మెక్‌డొనాల్డ్ హెడర్‌తో న్యూకాజిల్ ఆధిక్యంలోకి వెళ్లింది. ఇక అయిపోయిందనుకుంటుండగా రోనీ రాడ్‌ఫర్డ్ 30 గజాల దూరం నుంచి కొట్టిన బంతి గోల్ పైమూలలోకి దూసుకుపోయింది. వడ్రంగం పని చేసుకుంటూ ఫుట్‌బాల్ ఆడే మనిషి! పార్కా కోట్లు వేసుకున్న పిల్లలు గుంపులుగా మైదానంలోకి ఉరికారు. అదనపు సమయంలో సబ్‌స్టిట్యూట్ రికీ జార్జ్ గెలుపు గోల్ కొట్టాడు. ఆ వేసవిలోనే క్లబ్బులు ఓటేసి బారో అనే క్లబ్‌ను తప్పించి హెరిఫర్డ్‌ను లీగ్‌లోకి తీసుకున్నాయి. జనవరి రాత్రే న్యూకాజిల్‌లో పెనాల్టీలు పెట్టి తేల్చేసి ఉంటే ఎడ్గర్ స్ట్రీట్‌కు ఆ మ్యాచే లేదు.

తర్వాత ఆ క్లబ్ సెకండ్ డివిజన్ దాకా ఎక్కింది, 1997లో లీగ్ నుంచి పడిపోయింది, తిరిగి వచ్చింది, మళ్లీ పడింది. చివరికి అప్పులపాలై 2014 డిసెంబర్‌లో కోర్టు ఉత్తర్వుతో మూతపడింది. అభిమానులు పూనుకుని కొత్త క్లబ్ పెట్టి, 2015లో తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టారు. 2024 నాటికి ఆరో అంచెకు చేరింది. అలాంటి క్లబ్‌కు ఒక రీప్లే అంటే ఏమిటో ఎక్సెటర్‌ను అడిగితే తెలుస్తుంది. 2005లో అభిమానుల ట్రస్టు చేతిలో, అప్పుల మధ్య ఉన్న ఆ నాన్‌లీగ్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్‌తో వాళ్ల సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 0-0 డ్రా చేసుకుంది. రీప్లేలో ఓడిపోయింది. అయితేనేం, రెండు మ్యాచ్‌ల గేటు వసూళ్లు, టీవీ డబ్బు కలిసి క్లబ్‌ను బతికించాయి.

మమ్మల్ని కలవరపెడుతున్నది ఈ ఒక్క నిర్ణయమే కాదు, దాని వెనకున్న వరస. 1999-2000లో కప్ విజేత మాంచెస్టర్ యునైటెడ్ బ్రెజిల్‌లో క్లబ్ టోర్నీ కోసం ఎఫ్‌ఏ కప్‌నే ఎగ్గొట్టింది. ఎఫ్‌ఏ దగ్గరుండి పంపింది. ఆ రోజుల్లోనే సెమీస్, ఫైనల్ రీప్లేలు పోయాయి. తర్వాత క్వార్టర్స్, ఆపైన ఐదో రౌండ్. ప్రతిసారీ ఇంతటితో సరి అన్నట్టే మాట్లాడారు. ఇప్పుడు మొత్తానికే ఎసరు పెట్టారు. పెద్దలకు ఇబ్బంది అనిపిస్తే చాలు, చిన్నవాళ్ల హక్కు తీసేయొచ్చన్నది అలవాటుగా మారింది. రేపు చిన్న క్లబ్బులతో ఆడటమే దండగ అంటే ఎఫ్‌ఏ ఏ మొహం పెట్టుకుని కాదంటుంది?

మనం మాత్రం దీన్ని చూసి నవ్వుకునే స్థితిలో లేం. మన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో 2023-24లో చిట్టచివర నిలిచిన జట్టు కిందికి దిగే పనే లేకపోయింది. ఆ సీజన్‌లో చివరి స్థానం హైదరాబాద్ ఎఫ్‌సీది. తలుపులు మూసుకున్న లీగ్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లం కాబట్టే ఇంతగా చెబుతున్నాం.

ఇంతకీ ఈ ఒప్పందం ఎఫ్‌ఏ, ప్రీమియర్ లీగ్ కలిసి చేసుకున్నది. తమతో సంప్రదించనే లేదని, ప్రీమియర్ లీగ్‌కు కిందనున్న 72 క్లబ్బుల ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ బాహాటంగా చెప్పింది. కప్‌లో ఆడేవి ఏడు వందలకు పైగా క్లబ్బులు. వాళ్లను పిలిచి అడిగే దాకా నిర్ణయాన్ని పక్కన పెట్టాలి. అలసట గురించి పాఠాలు చెప్పే పెద్ద క్లబ్బులు ముందు మే నెలలో విమానాలెక్కడం మానుకోవాలి. లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో జరిగే ఫైనల్‌లో కప్ ఘన సంప్రదాయం అంటూ ఎఫ్‌ఏ పెద్దలు ఉపన్యాసం ఇవ్వబోతే, ఆ సంప్రదాయాన్ని అమ్మిన చేత్తో మైకు పట్టుకుంటున్నామని కాస్తయినా సిగ్గుపడాలి.