రక్షిత ప్రాంతపు నీలిబోర్డు గారికి విన్నపం

మహారాజశ్రీ నీలిబోర్డు గారి సముఖమునకు అనేక నమస్కారములు.

మొన్న ఆదివారం బళ్లారి పరిసరాల్లోని ఒక బూడిద దిబ్బను చూడాలని వచ్చి, మిట్టమధ్యాహ్నపు ఎండలో తమరిని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివిన ఏకైక పాఠకుణ్ణి బహుశా నేనే. తమరిని అక్కడ నాటిన కార్యాలయం పేరును తుప్పు తినేసింది కనుక ఈ లేఖను నేరుగా తమకే రాయవలసి వచ్చింది. శిక్షలు రాసిన భాగాన్ని మాత్రం తుప్పు కూడా భయపడి వదిలేసినట్టుంది.

తారురోడ్డు మీద బాణం గుర్తు చూపించి, ఆ తర్వాత దారులు చీలే ప్రతి చోటా మౌనం పాటించినందుకు నేనేమీ అనను. దిబ్బను కమ్మేసిన సర్కారు తుమ్మ గురించి గానీ, ముళ్లకంచె తెగిన చోట స్థిరపడిన కాలిబాట గురించి గానీ, లోపలి సీసా పెంకుల గురించి గానీ ఫిర్యాదు లేదు. వాటికి తమరేం చేయగలరు? నా బాధంతా తమ మీద రాసి ఉన్నదాన్ని గురించి, రాయనిదాన్ని గురించి.

రాసి ఉన్నది ఇది: ప్రాచీన కట్టడాల రక్షణకు చేసిన 1958 నాటి చట్టం, దాని 2010 నాటి సవరణ ప్రకారం ఈ స్థలాన్ని పాడుచేసినవారికి రెండేళ్ల వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడతాయి, 100 మీటర్ల లోపు కట్టడాలు నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్ల దాకా అనుమతి తప్పనిసరి. చాలా సంతోషం. ఇంతకీ ఇక్కడ ఉన్నదేమిటి, ఎవరిది, ఎప్పటిది? ఆ ఒక్క ముక్క లేదు. గేటుకు ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అని తగిలించే గృహస్థు కూడా లోపల ఏమున్నదో ముందు చెప్పి, ఆ తర్వాతే బెదిరిస్తాడు.

గుడి దగ్గరో కోట దగ్గరో ఈ మౌనం చెల్లుతుంది. గోపురమూ బురుజూ తమ సంగతి తామే చెప్పుకుంటాయి. బూడిద దిబ్బకు ఆ భాగ్యం లేదు. సుమారు నాలుగున్నర వేల ఏళ్ల నాడు, ఇనుము ఎరుగని పశుపోషకులు మందలను కట్టిన దొడ్డి అదనీ, అక్కడ పేరుకున్న పేడను వాళ్లు మళ్లీ మళ్లీ తగలబెట్టగా ఆ వేడికి కొన్ని పొరలు గాజులా కరిగి గట్టిపడ్డాయనీ ఎవరైనా చెబితే తప్ప తెలియదు. పెద్దపెద్దవాళ్లకే తెలియలేదు. 19వ శతాబ్దపు దొరలు కొందరు అగ్నిపర్వతపు బూడిద అన్నారు, కొందరు ఇనుము కరిగించిన చిట్టెం అన్నారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ మాత్రం పేడ బూడిదని పసిగట్టాడు. 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులోని బూడిద దిబ్బను పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వించినప్పుడు, దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, బూడిదలో అచ్చుపడ్డ పశువుల గిట్టలు బయటపడ్డాయి. పండుగ మంటలా, రోగాలు పోవడానికి వేసిన మంటలా అని పండితులు నేటికీ తగవులాడుకుంటూనే ఉన్నారు. హంపి దగ్గర నింబాపురంలోని దిబ్బను వాలిని దహనం చేసిన చోటని చెప్పుకుంటారు. అది పురాణమే కావచ్చు, చూడవచ్చిన మనిషికి ఏదో ఒకటి చెప్పారు కదా!

దిబ్బ పడమటి అంచు ఎందుకు కోసుకుపోయిందని పక్క చేనులోని పెద్దాయనను అడిగాను. “బూడిదే గదా సామీ, చేనికి తోలుకుంటే పైరు బాగొస్తాది” అన్నాడు. మరి బోర్డు ఉంది కదా అంటే, “అది గుట్ట మీది గుడికి గదా!” అని నన్నే జాలిగా చూశాడు.

ఇక నా మర్యాద ఇక్కడితో సరి. విన్నావా? నీ నీడలోనే ట్రాక్టరు నిలబెట్టి, ఎవరికీ భయపడకుండా, ఏ తప్పూ చేస్తున్నామని అనుకోకుండా, నాలుగున్నర వేల ఏళ్ల దొడ్డిని తట్టలతో ఎత్తి పోసుకున్నారు. వాళ్లనేమని తిట్టను? మూడు భాషల్లో జైలు గురించి రాయడానికి నీకు చోటు దొరికింది, ‘పశువుల దొడ్డి’ అని రెండు మాటలు రాయడానికి దొరకలేదు. పశువులను మేపే ఊళ్లో ఆ రెండు మాటలు ఎవరికి అర్థం కావు? గుట్ట ఎక్కితే బండల మీద మూపురపు ఎద్దుల బొమ్మలు, రాతిగొడ్డళ్లు నూరిన గాడులు కనిపిస్తాయి. అక్కడ నీపాటి బోర్డు కూడా లేదు. అవతలి వాలులో క్వారీ మోత మాత్రం వినిపిస్తుంది. బళ్లారి దగ్గరి కుప్‌గల్ కొండ మీద కొడితే గంటలా మోగే బండలున్నాయి, వాటి మీదా కంకర మిషన్ల కన్ను పడింది.

నీకు మళ్లీ రంగు వేసే రోజంటూ వస్తే ఈ కింది వాక్యాలు రాయించుకో: ‘ఇది సుమారు 4,500 ఏళ్ల నాటి పశువుల దొడ్డి. మీకు కనిపించేది ఆనాటివాళ్లు పేడ కాల్చిన బూడిద. దీని పొరల్లో ఆ మందల గిట్టల గుర్తులు ఉండవచ్చు. చేనికి తోలవద్దు.’ చోటు చాలదంటే జరిమానా సంగతి తీసేయమను. ఆ లక్ష రూపాయలు ఇప్పటిదాకా ఇక్కడ ఎవరూ కట్టలేదని పెద్దాయనే చెప్పాడు.

ఇట్లు,
నీ పాఠకుడు