గొర్రెలున్నాయి, మేపుకోను చోటేదీ?

తెనాలి వైపు చేలల్లో మినుము కోతలు అయిపోగానే పల్నాడు మెట్ట నుంచి గొర్రెల మందలు దిగుతాయి. పగలు మోళ్లలో మేత, రాత్రి ఎవరో ఒక రైతు చేలో దొడ్డి. మర్నాడు ఆ దొడ్డిని పక్క మడికి జరుపుతారు. పెంట, మూత్రం నేలలో ఇంకుతాయి. దీన్నే మంద కట్టడం అంటాం. కాపరికి రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు. యూరియాకు ఏటా రాయితీ భరిస్తూ, ప్రకృతి వ్యవసాయం గురించి ఇంతగా చెప్పుకునే చోట, నడిచొచ్చే ఈ ఎరువు ఎవరి లెక్కలోకీ రాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక్కడి గొల్లలు ఎక్కువగా మేపేది నెల్లూరు జాతి. దానికి ఉన్ని ఉండదు. గొంగడి నేసే నల్ల ఉన్ని దక్కనీ గొర్రెది. ఆ బతుకు తెలంగాణ కురుమలది, అనంతపురం కురుబలది. మన కాపరికి మాంసం, ఎరువే ఆధారం.

ప్రభుత్వాలకు మాత్రం కాపరి అనగానే గొర్రెలు పంచడమే తోస్తుంది. తెలంగాణ 2017లో 75 శాతం రాయితీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చింది. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1.76 కోట్ల గొర్రెలున్నాయి, దేశంలో తెలంగాణ తర్వాత మనమే. కొరత గొర్రెలకు కాదు. కొరత మేతకు. పశువులు మేసేందుకు వదిలిన ప్రభుత్వ భూములు, అంటే మేత పోరంబోకులు, ఆక్రమణల్లో కరిగిపోయాయి. వరి కోసిన మడిలో దున్నకుండానే మొక్కజొన్న వేస్తున్నారు, చేను ఖాళీగా ఉండే రోజులు తగ్గాయి.

ఈ గడ్డకు మేత తగవు కొత్త కాదు. గొల్లల వీరగాథ కాటమరాజు కథలో నెల్లూరు రాజు నల్లసిద్ధితో పోరు పుల్లరి, అంటే మేత పన్ను, గురించే. పల్నాడు అడవిలో పశువులు మేపినందుకు తెల్లదొరలు పుల్లరి అడిగితే, కట్టనని నిలబడిన కన్నెగంటి హనుమంతు 1922లో తూటాలకు బలయ్యాడు. ఆ పన్ను పోయింది. 2006 అటవీ హక్కుల చట్టం సంచార కాపరుల మేత హక్కును కూడా గుర్తించింది. అయితే గొల్లలు ఎస్టీలు కారు గనుక మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిని ఆధారం చేసుకుని నివసిస్తున్నట్టు రుజువు చూపాలి. ఏడాదిలో సగం మంద వెంట తిరిగేవాడు నివాసానికి రుజువు ఎక్కణ్నుంచి తెస్తాడు?

రైతు మాటా వినాలి. మంద ఒక్కసారి పచ్చని చేలో పడితే నష్టం చిన్నది కాదు. ఒకప్పుడు చేలో పడ్డ పశువులను బంధించే బందెలదొడ్డికి తోలేవారు, ఇప్పుడు తగవు పోలీస్ స్టేషన్‌కు పోతోంది. ఎవరి చేను ఎప్పుడు ఖాళీ అవుతుందో కాపరికి ముందే తెలిస్తే ఇందులో చాలా మటుకు తప్పేవే.

2026ను ఐక్యరాజ్యసమితి పచ్చిక బయళ్లు, పశుకాపరుల సంవత్సరంగా ప్రకటించింది. దీనికి సభలూ సన్మానాలూ అక్కర్లేదు. మంద కట్టించుకోదలచిన రైతుల పేర్లు, తేదీలు ఊరి రైతు కేంద్రంలో రాసి ఉంచాలి. మిగిలిన మేత పోరంబోకులకు హద్దు రాళ్లు పాతాలి. మందలు నడిచే దారిలోని పశువైద్యశాలల్లో, తొలకరికి ముందే, గొర్రెలను ఉన్నపళంగా చంపే చిటుక రోగం టీకాలు సిద్ధంగా ఉంచాలి.