లగ్నపత్రిక రాశాక జాతకాలా?

గుంటూరు నడిబొడ్డున ఉన్న ఆ పాత కాలేజీ పేరు ఇక్కడ రాయనక్కర్లేదు. రోజూ ఆ ప్రహరీ పక్కనుంచి వెళ్లే వాళ్లందరికీ తెలుసు. పాత భవనాలు పడగొట్టి, చెట్లు కొట్టి, సెల్లార్ పార్కింగ్‌తో బహుళ అంతస్తుల బ్లాకులు లేపుతారన్న సంగతీ తెలుసు. తెలియనిది ఒక్కటే. ఇది కాక ఇంకేం చేయొచ్చో ఎవరైనా నిజంగా ఆలోచించారా? ప్రతిపాదన పత్రాల్లో ఆ ముచ్చట నాలుగు వాక్యాల్లో తేలిపోయింది. మరమ్మతు కుదరదట. వేరే చోటు పనికిరాదట. ఉన్నవి ఉన్నట్టు ఉంచితే విద్యార్థులకు నష్టమట. కాబట్టి పడగొట్టడమే దారి అట.

దీన్ని తూకం అనరు. లగ్నపత్రిక రాసుకున్నాక జాతకాలు చూపించుకోవడం అంటారు.

కొత్త గదులు అక్కర్లేదని ఎవరూ అనడం లేదు. పిల్లలు పెరిగారు, ల్యాబులు ఇరుకయ్యాయి, కొన్నిచోట్ల శ్లాబు పెచ్చులూడుతోంది. ఒప్పుకుంటాం. కానీ గదులు కావాలన్న మాటకూ, ఉన్నదంతా నేలమట్టం చేయాలన్న మాటకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరమంతా ఒక్క గెంతులో దాటేశారు.

మరమ్మతు కుదరదని తేల్చిన ఇంజినీరు రిపోర్టు ఎక్కడ? గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా. రోహిణి కార్తెలో కూడా ఫ్యాన్ గాలితో పరీక్ష రాయగలుగుతున్నారంటే వాటి పుణ్యమే. రేపు అద్దాల బ్లాకులో ఏసీ లేకుండా ఒక్క మే నెల గడుస్తుందా? ఆ కరెంటు ఖర్చు ఏ కాలమ్‌లో రాశారు? సిమెంటు సంగతీ అంతే. సున్నపురాయిని కాల్చినప్పుడు ఇంధనం పొగ ఒక్కటే కాదు, ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 7-8 శాతం సిమెంటు పరిశ్రమదే. నిలబడి ఉన్న గోడను వాడుకుంటే ఆ భారం ఉండదు. పడగొట్టి కడితే మొత్తం మళ్లీ మొదటి నుంచి. పడగొట్టిన ఇటుకలూ పెళ్లలూ ఎక్కడికి చేరతాయో చెప్పాలా? నిర్మాణ వ్యర్థాలకు 2016లోనే నిబంధనలు పెట్టారు. ఈరోజుకీ ట్రాక్టర్లు కాలువ ఒడ్డునే తొట్టి ఎత్తుతున్నాయి. గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోలేని నగరాల కేంద్ర జాబితాలో గుంటూరు, విజయవాడ రెండూ ఉన్నాయని ఆ దుమ్ముకు ఎవరు చెప్పాలి?

ఇక నీళ్లు. ఒక్క ఎకరం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్లు. నల్లరేగడి అసలే నీటిని నెమ్మదిగా తాగుతుంది, దాని మీద కాంక్రీటు పోస్తే అదీ ఉండదు. మైదానంలో నిలవాల్సిన నీళ్లు రోడ్డు మీదికి వస్తాయి. వానొస్తే మూడు వంతెనల కింద ఏమవుతుందో గుంటూరు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీళ్ల దారికి అడ్డంగా కట్టామని చెంపలేసుకున్నది మనమేగా.

కాలేజీని ఊరి బయటికి మారిస్తే అంతా పచ్చగా ఉంటుందనే వాళ్లూ ఉన్నారు. అదీ తూచాల్సిందే. మిర్చి, పత్తి పండే పొలం పోతుంది. నడిచివచ్చే పిల్లలు బస్సెక్కాలి, బస్సు లేనివాళ్లు బండి కొనాలి. మరి ప్రాంగణంలోనే పాడుబడ్డ క్వార్టర్లు, షెడ్లు ఉన్నచోట కొత్త బ్లాకు కట్టి, పాత భవనాలను బాగుచేసుకుంటే? మా దృష్టిలో అన్నిటికన్నా ముందు తూచాల్సింది అదే. పత్రాల్లో దాని ఊసే లేదు.

ఆ నాలుగు వాక్యాలపై ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. కేంద్ర పర్యావరణ శాఖ 2006లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. కానీ భవనాలకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. అంటే కాగితం మీద జరిగే ఈ తూకం తప్ప ఊరి తరఫున అడిగే నాథుడే లేడు. విద్యాసంస్థలకు ఆ అనుమతి నుంచి కూడా మినహాయింపు ఇస్తూ కేంద్రం 2025 జనవరిలో తెచ్చిన నిబంధనను ఆగస్టు 5న సుప్రీంకోర్టు కొట్టేసింది. చదువు చెప్పే చోటు కదా అని చట్టం పక్కకు తప్పుకోదని తేలిపోయింది. అయినా మొదటి దశ, రెండో దశ అంటూ ముక్కలు చేసి 20 వేల గీత కిందే ఉండిపోయే పాత ఎత్తుగడ ఎక్కడికీ పోలేదు. ఇక్కడ దశల మాట వినిపించడమే మాకు టెన్షన్.

ఈ నాలుగు వాక్యాలు ఈ ఒక్క కాలేజీతో ఆగవు. ఇవాళ ఇవి చెల్లితే, రేపు విజయవాడలో మరో పాత ప్రాంగణం పేరు మార్చి ఇవే కాగితాలు దాఖలు చేస్తుంది. కన్సల్టెంట్‌కు కాపీ పేస్ట్ ఎంతసేపు? హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి గుర్తుంది కదా. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆపమనేలోపే బుల్డోజర్లు వంద ఎకరాల మేర చెట్లు కూల్చేశాయి. ఆలస్యంగా వచ్చిన మంచి ఉత్తర్వు కొట్టేసిన చెట్టును నిలబెట్టలేదు.

కాబట్టి ఆ కాగితాలు వెనక్కి తీసుకోండి. భవనాల పటుత్వం రిపోర్టు బయటపెట్టండి. ఒక్కో మార్గానికీ ఎన్ని చెట్లు, ఎంత నీరు, ఎంత కరెంటు, ఎన్ని టన్నుల శిథిలాలు, పక్కపక్కనే రాసి చూపించండి. అంతవరకూ గేటు దాటి జేసీబీ రాకూడదు.

జూన్ 5న పర్యావరణ దినోత్సవం వస్తే మొక్క నాటి ఫొటో దిగడం ఆ యాజమాన్యానికి బాగానే వచ్చు. డిగ్రీలో పర్యావరణం పేపర్ తప్పనిసరి. అందులో ఏ కుర్రాడైనా ఇలాంటి నాలుగు వాక్యాలు రాసుకొస్తే, అదే కాలేజీ లెక్చరర్ ఎర్రసిరాతో సున్నా చుట్టి పంపిస్తారు.