అంకణం ఎంత సార్?

మన నెల్లూరు జిల్లాలో ఒక మగమనిషి రోడ్డు పక్కన బండి ఆపి, బీట్లోకి దిగి, నడుం వంచి నేలకేసి చూస్తున్నాడంటే దానికి లోకం ఒప్పుకున్న కారణాలు నాలుగు. స్థలం కొనడానికో అమ్మడానికో వచ్చివుండాలి. ఉదయగిరి కొండల వైపైతే గుప్తనిధుల కోసం వచ్చివుండాలి. లేదా బండి తాళంచెవి పారేసుకుని వుండాలి. నాలుగో కారణం మర్యాదస్తులు పైకి చెప్పుకోరు, చూసినవాళ్ళు కూడా మొహం తిప్పుకుని వెళ్ళిపోతారు. "ఈ మొక్క పేరేమిటా" అని వంగినవాడు అయిదో రకం. ఈ రకం ఒకటి ఉందని మన సమాజం ఇంతవరకూ గుర్తించలేదు. దాని తరఫున, సవినయంగా, ఈ విన్నపం.

రిటైరయ్యాక నాకీ జబ్బు పట్టుకుంది. ముప్పై రెండేళ్ళు ఫైళ్ళలో తలదూర్చినవాణ్ణి కాబట్టి తలదించుకోవడం అలవాటే, చూసేది మాత్రం మారింది. తెల్లారి ఆరింటికి పొదలకూరు రోడ్డెక్కి, ఇళ్ళు పలచబడ్డచోట ఆగి, భూతద్దం, నోటు పుస్తకం, ఫోను బయటికి తీస్తాను. పది నిమిషాలు గడిచేసరికి ఎవరో ఒకరు మోటారుసైకిల్ స్లో చేస్తారు.

"అంకణం ఎంత సార్?"

(అంకణమంటే మన వైపు ఇళ్ళస్థలాల కొలత.) మొదట్లో నిజం చెప్పేవాణ్ణి. "అమ్మేది కాదబ్బా, పూలు చూస్తున్నా." అది విన్న ఒకాయన బండికి స్టాండు వేసి, దగ్గరికొచ్చి, చాలా మెత్తగా అడిగాడు. "ఇంట్లో అందరూ బాగుండారా సార్?"

పక్షులు చూసేవాళ్ళకి ఈ బాధ లేదు. నేలపట్టుకి కార్లేసుకుని పోతారు, బైనాక్యులర్లు మెళ్ళో వేసుకుంటారు, ఫ్లెమింగోల పేరుమీద సూళ్ళూరుపేటలో ఏకంగా పండగే చేస్తారు. (2022లో జిల్లాలు విడగొట్టి నేలపట్టు గూడబాతుల్ని తిరుపతి జిల్లాలో కలిపారు. వాటికి ఉత్తర్వులు అందినట్టు లేదు, అవే చెట్ల మీద గూళ్ళు పెట్టుకుంటున్నాయి.) తలెత్తి చూసినవాడు ప్రకృతి ప్రేమికుడు. తల దించి చూసినవాడు అనుమానితుడు.

లిన్నేయస్ అనే స్వీడన్ పెద్దాయన 1753లో మొక్కలకీ, 1758లో జంతువులకీ రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచాడు. అంత శ్రమ ఎందుకు పడ్డాడో మన జిల్లాకి ఇప్పటికీ అంతుపట్టదు. మనకి ఎప్పటినుంచో పద్ధతి ఉంది. కూరకొచ్చేవి, పూజకొచ్చేవి, మందుకొచ్చేవి, గొడ్లు తినేవి. ఈ నాలుగింటిలోకీ రానిది పిచ్చిమొక్క. పురుగుల్లో అయితే కుట్టేది, పంట తినేది, మిగిలిందంతా "ఏదో పురుగు". ఇంత క్లుప్తమైన వర్గీకరణ ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు.

ఏడాదికొక్కరోజు మాత్రం, వినాయకచవితి నాడు, జిల్లా జిల్లా అంతా వృక్షశాస్త్రజ్ఞులైపోతారు. ఇరవై ఒక్క పత్రులు కావాలి కదా. ఉత్తరేణి, ఉమ్మెత్త, వావిలి, వాకుడు, జిల్లేడు, ఏడాది పొడుగునా పిచ్చిమొక్కలుగా బతికినవన్నీ ఆ పూటకి దేవుడి దగ్గరికి చేరతాయి. ట్రంకు రోడ్డులో కట్ట కొని ఇంటికొచ్చి లెక్కపెట్టాను. ఆకులు ఆరు రకాలు. దేవదారు హిమాలయాల్లో పెరిగే చెట్టు కదా, ఇందులో ఏదమ్మా అని అమ్మినావిణ్ణి అడిగాను. ఆమె కట్టలోంచి ఒక రెమ్మ లాగి, "నమ్మకం ఉంటే ఇదే" అంది. వర్గీకరణ శాస్త్రం మీద ఇంతకంటే సూటి మాట నేను వినలేదు.

నాకు లిన్నేయస్ మీద గౌరవం పెరగడానికి కారణం వేరే ఉంది. ఆయన పెట్టే రెండు మాటల్లో ముందుది ప్రజాతి, వెనకది జాతి. అంటే ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనక. ఐరోపాలో దాదాపు అందరూ ఇంటిపేరు తోకలా తగిలించుకుంటుంటే ఈయన మొక్కలకి మాత్రం అచ్చ తెలుగు పద్ధతి పాటించాడు.

ఇంటిపేర్లంటూ వచ్చాక తగాదాలు రాకుండా ఉంటాయా? మన చెరువుగట్ల మీది నల్లతుమ్మ ఇంటిపేరు అకేసియా. ఆ వంశానికి మూలపురుషుడు కూడా ఈ తుమ్మే. తీరా వంశాన్ని ముక్కలు చెయ్యాల్సి వచ్చేసరికి ఆస్ట్రేలియా చెట్లు, "మేం దాదాపు వెయ్యిమందిమి, పేరు మాకే ఉండాలి" అని కూర్చున్నాయి. చెట్ల తరఫున మనుషులు కూర్చున్నారనుకోండి. 2005లో వియన్నాలో జరిగిన వృక్షశాస్త్రజ్ఞుల మహాసభ పేరు వాళ్ళకే రాసిచ్చింది, 2011లో మెల్‌బోర్న్ మహాసభ ఖాయం చేసింది. మెల్‌బోర్న్ ఏ దేశంలో ఉందో నేను చెప్పక్కర్లేదు. మూలపురుషుడైన నల్లతుమ్మేమో వాచెలియా అనే కొత్త ఇంటిపేరుతో వేరుపడింది. మా ఊళ్ళో రచ్చబండ దగ్గర పంపకాలు కూడా ఇంతకంటే న్యాయంగా జరుగుతాయి. 2022లో సర్కారు తుమ్మ వంతొచ్చింది. ప్రోసోపిస్ పోయి నెల్టుమా అయింది. నోట్లో వక్కాకు పెట్టుకుని నల్లతుమ్మ అన్నట్టు ఉంది. ఇన్నాళ్ళకి ఒక లాటిన్ పేరు నోరు తిరిగింది.

సర్కారు తుమ్మ అంటే గుర్తొచ్చింది. ఒంగోలు నుంచి నెల్లూరు దాకా హైవే పక్కన పచ్చగా కనిపించేదంతా మన పల్లె అందమని కవితలు రాసేవాళ్ళకి ఒక మనవి. ఆ చిల్లకంప మెక్సికో వైపు నుంచి వచ్చింది. దెబ్బ తగిలితే రసం పిండుకునే గడ్డిచామంతి అమెరికా ఖండాలది. కంచెలో నాగజెముడు అక్కడిదే, గుట్టల మీద లాంటానా అక్కడిదే. వయ్యారిభామ సరేసరి, 1950లలో దిగుమతి గోధుమలతో పాటు దిగబడిందంటారు. మన పిల్లలు వీసా ఇంటర్వ్యూకి ముందు రంగనాథస్వామికి ప్రదక్షిణాలు చేస్తారు, తల్లులు ఉపవాసాలుంటారు. అక్కడి కలుపుమొక్కలు మాత్రం ఒక్క కాగితం చూపించకుండా ఇక్కడ స్థిరపడి, ముని మనవల్ని ఎత్తుతున్నాయి.

వయ్యారిభామకి ఆ పేరు పెట్టినవాడి మీద విచారణ జరగాలని నా అభిప్రాయం. దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం తెప్పించే మొక్కకి పెట్టే పేరా అది? దానికే కాంగ్రెస్ గడ్డి అని ఇంకో పేరు. నేను ఏ పార్టీకీ చెందినవాణ్ణి కాను కాబట్టి ముందుకి పోతున్నాను.

పొదలకూరు చుట్టుపక్కల నిమ్మతోటలు. ఒకరోజు ఓ తోట గట్టున లేత నిమ్మాకు మీద పిట్టరెట్ట కనిపించింది. చూస్తుండగా రెట్ట కదిలింది. నాకు ఒళ్ళు పులకరించింది. నిమ్మ సీతాకోకచిలుక గొంగళి పసితనంలో ఈ వేషంలోనే ఉంటుంది, పిట్ట చూసినా ముక్కు పెట్టబుద్ధి కాదు. పెద్దయ్యాక ఆకుపచ్చ చొక్కా తొడుగుతుంది. అప్పుడు ముట్టుకున్నామో, తల వెనకనుంచి నారింజరంగు కొమ్ములు రెండు చాపి ఘాటు వాసన కొడుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని ఫోటోలు తీస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏం జేస్తుండారు సార్?"

తోట రైతు. వీపున స్ప్రేయరు. నేను ఆపుకోలేక వేషం సంగతీ, కొమ్ముల సంగతీ, ఇదే రేపు నల్లటి రెక్కల మీద పసుపు చుక్కలతో ఎగిరే సంగతీ మొత్తం చెప్పాను. ఆయన ఒక్కమాట అడ్డురాకుండా విన్నాడు.

"బాగా చెప్పినారు సార్. ఎంత ఆకు తింటదో అదిగూడా రాసుకోండి" అని పంపు కొట్టడం మొదలుపెట్టాడు. నా నోటు పుస్తకంలో ఆ పేజీ ఇప్పటికీ మందు వాసన వస్తుంది.

అంతకంటే పెద్ద అవమానం కందుకూరు వైపు మా వియ్యంకుడి పొగాకు చేలో జరిగింది. మొక్క మొదట్లో ఆకుపచ్చన్నది ఎక్కడా లేని కాడ, దాని చుట్టూ ఊదారంగు పూలు. "అబ్బ, ఎంత ముద్దుగా ఉంది బావగారూ!" అన్నాను. అది పొగాకు మల్లె. దాని వేరు పొగాకు వేరులోకి దూరి ఆ రసమే తాగి బతుకుతుంది. వియ్యంకుడి పంటని తినేదాన్ని ఆయన మొహాన్నే మెచ్చుకున్న ఘనత నాది. ఆ సంక్రాంతికి అరిసెలు రాలేదు.

పురుగుల దగ్గరికొస్తే నా మాట ఇంట్లోనే చెల్లదు. తొలకరికి ఎర్ర మఖమల్ బొత్తాంలా ఇసుక మీద నడిచే ఆరుద్ర పురుగుకి కాళ్ళు ఎనిమిది, కాబట్టి శాస్త్రం ప్రకారం అది సాలీడుకి చుట్టం, పురుగుల కులంలో చేరదు అని మనవరాలికి చెప్పాను. "మరి నానమ్మ పురుగంది కదా తాతయ్యా?" అంది. నానమ్మ అన్నాక ఇక అప్పీలు లేదు. సీతాకోకచిలుకలకైతే తెల్లదొరలు ఇంగ్లీషులో కమాండర్, సార్జెంట్, బ్యారన్, నవాబ్, రాజా అని హోదాలు పంచిపెట్టారు. మనం అందర్నీ కలిపి ఒకే పేరుతో పిలుస్తాం, రెజిమెంటు మొత్తాన్ని "ఒరే అబ్బాయ్" అన్నట్టు.

పేరు తెలియకపోవడం వల్ల ఇన్ని అవమానాలు జరిగాయి సరే. పేరు తెలియడం వల్ల జరిగింది ఇంకా ఘోరం. రాపూరు దాటి పెంచలకోన వెళ్ళే దారిలో, వెలిగొండల అంచున ఒక చెట్టు దగ్గర ఆగాను. మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలిన నల్ల బెరడు, మూడేసి ఆకుల రెమ్మలు. బెరడు మీద భూతద్దం పెట్టానో లేదో ఇద్దరు ఖాకీ చొక్కాలవాళ్ళు ప్రత్యక్షమయ్యారు.

"ఏం చెట్టది?"

తెలియదు అని వుంటే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండేవాణ్ణి. "టెరోకార్పస్ శాంటలైనస్" అన్నాను. "ప్రపంచం మొత్తం మీద మన తూర్పు కనుమల దక్షిణపు కొసలో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. చేవ ఎర్రగా ఉంటుంది, నీళ్ళలో వేస్తే మునిగేంత బరువు."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "బరువు గూడా తెలుసురా ఈయనకి."

రెండు గంటలు కూర్చోబెట్టారు. పెన్షన్ పుస్తకం చూపించాను, దొంగలకి పెన్షన్ రాకూడదని రూలేం లేదన్నారు. భూతద్దం దేనికన్నారు. నోటు పుస్తకంలో లాటిన్ పేర్లు కోడు భాష అన్నారు. ఆఖరికి ఒక పేజీలో "పేడపురుగులు - 3, ఒకటి ఉండ దొర్లిస్తోంది, రెండు కొట్లాడుకుంటున్నాయి" అని రాసుకున్నది నన్ను కాపాడింది. ఎర్రచందనం దొంగ పేడపురుగుల్ని లెక్కపెడుతూ కూర్చోడని వాళ్ళలో పెద్దాయన తీర్పు చెప్పాడు.

ఈ జిల్లాలో ఈ పని చేసి బతికి బట్టకట్టినవాడు ఒకడున్నాడు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న థామస్ జెర్డన్. దొర కాబట్టి ఆయన్ని అంకణం ఎంతని ఎవరూ అడిగి ఉండరు. పిట్టల్నీ చీమల్నీ పోగేసి, వాటి పేర్లూ పద్ధతులూ యానాదుల్ని అడిగి రాసుకున్నాడు. ఎగిరి దూకే చీమ ఒకదానికి 1851లో లాటిన్ పేరు పెట్టాడు. మన కలివికోడిని ఇంగ్లీషులో జెర్డన్ పేరుతోనే పిలుస్తారు. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికినప్పుడు కూడా దాన్ని రాత్రిపూట చేతికి చిక్కించుకున్నది ఒక పల్లె వేటగాడే. చెప్పినవాళ్ళు యానాదులు, పట్టినవాడు వేటగాడు, పేరు డాక్టరుగారిది. నేనూ ఈ శాస్త్రీయ పద్ధతినే పాటిస్తున్నాను. అడగడం పక్కవాణ్ణి, రాసుకోవడం నా పుస్తకంలో.

ఈమధ్య పక్కవాడి ఉద్యోగం ఫోన్లో యాప్‌కి పోయింది. మా ప్రహరీ పక్కన నేల మీద పాకే మొక్కని ఫోటో తీసి చూపించాను. మొదటిరోజు ఒక పేరు చెప్పింది. రెండోరోజు ఎండలో తీస్తే ఇంకో పేరు చెప్పింది. మూడోరోజు "ఫలానా కుటుంబం అని మాత్రం నమ్మకంగా చెప్పగలం" అంది. సంబంధాలు కుదిర్చే పేరయ్య కూడా అంతే, గట్టిగా అడిగితే "మనవాళ్ళేలెండి" అంటాడు. ఇక లాభంలేదని భూతద్దం తీశాను. అటికమామిడికైతే చిన్న గులాబీరంగు పూలు గుత్తులుగా, కాయలు బంకగా చేతికి అంటుకుంటాయి. గలిజేరుకైతే ఆకు కండపట్టి ఉంటుంది, పువ్వు ఆకు పంగలో ఒంటిగా పూస్తుంది. పునర్నవ అంటే మొదటిది. రెండోదాన్ని మొదటిదాని పేరు మీద అమ్మేస్తుంటారు. మూడు రోజులు, పదకొండు ఫోటోలు, నాలుగు పుస్తకాలు. తేల్చాను. వంటింట్లోకి వెళ్ళి, "బోయరావియా డిఫ్యూసా!" అని ప్రకటించాను.

మా ఆవిడ తలెత్తలేదు. "అటికమామిడాకేగా? మొన్న ఆదివారం పప్పులో వేస్తే రెండుసార్లు మారు వడ్డించుకున్నారు."

నిన్న మళ్ళీ పొదలకూరు రోడ్డుకి పోయాను. ఏడాదిగా ఆ ఒక్క బీట్లోనే చూసి రాసుకుంటున్నాను. మోటారుసైకిల్ ఆగింది. కొత్త మనిషి, చేతిలో రెండు ఫోన్లు. వచ్చి నా భుజం మీదుగా నోటు పుస్తకంలోకి తొంగిచూశాడు. గళ్ళు, నంబర్లు, బాణం గుర్తులు.

"అంకణం ఎంత సార్?"

నేను మాట్లాడలేదు.

"మొత్తం ఎన్ని సార్?"

"నూట పన్నెండు" అన్నాను. నిజమే చెప్పాను.

"పెద్ద వెంచరే! కార్నర్ బిట్ ఏమన్నా మిగిలుందా?"

"కార్నర్లో జిల్లేడు."

"అంటే అయిపోయిందా? పోనీలే సార్. ఈస్ట్ ఫేసింగ్ చూడండి ఒకటి, మా ఇంట్లో వాస్తు పట్టింపు జాస్తి."

పేజీ తిప్పి చూశాను. తూర్పు గట్టు పొడుగునా అల్లుకుని ఉన్నది దూలగొండి.

"ఉంది" అన్నాను. "ఒకసారి దిగి చూసుకోండి."